తీగకు రెండో సగం

లైబ్రరీ మేడ మీద జరిగే ఐదు రోజుల కోర్సుకు చేరాలంటే ఒక ఫారం నింపాలి. పేరు, వయసు, చేసే పని, చివర ఒక ప్రశ్న: ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు? మిగతా ఎనిమిదిమందీ రెండేసి మూడేసి వాక్యాలు రాశారు. ఆమె రాసింది రెండు మాటలు. తీగ కోసం.

కోర్సు చెప్పే అమ్మాయి ఆ ఫారం పట్టుకుని ఆమె కుర్చీ దగ్గరికి వచ్చింది.

"ఏ తీగండీ?"

"మా అక్క గీసింది."

"ఇప్పుడు ఉందా అది?"

"ఉంది. అరిగిపోతోంది."

టీచరుకు అర్థం కాలేదు. అయినా ఫారం మడిచి పుస్తకంలో పెట్టుకుని, "చూద్దాం," అంది.

వీధిలో ఆమెను చుక్కలమ్మ అంటారు. వెనకాల అనేవాళ్ళూ ఉన్నారు, ఎదురుగానే పిలిచేవాళ్ళూ ఉన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె చేస్తున్నది చుక్కలు పొడిచే పనే. ఎంబ్రాయిడరీ కుట్టేవాళ్ళు చాలామంది గుడ్డ మీద నేరుగా బొమ్మ గీసుకోరు. బొమ్మ ట్రేసింగ్ పేపరు మీద ఉంటుంది. గీత పొడుగునా సూదితో సన్నటి బెజ్జాలు పొడిచి ఉంటాయి. పేపరును గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన నీలం పొడిని దూదితో రుద్దితే, బెజ్జాల్లోంచి దిగిన చుక్కలు గుడ్డ మీద బొమ్మ కడతాయి. ఆ చుక్కల వెంట కుట్టుకుంటూ పోవాలి. టేబుల్ క్లాత్‌లు, దిండు గలేబులు, కర్టెన్లు, పిల్లల గౌన్లు, ఏది తెచ్చినా గంటలో చుక్కలు దించి చేతికిచ్చే కొట్టు వాళ్ళది.

కొట్టులో ఇద్దరే ఉండేవాళ్ళు. అక్క గీసేది, చెల్లెలు పొడిచేది. చెల్లెలికి గీత రాదని ఎవరూ తేల్చలేదు. అక్కకు వచ్చినప్పుడు ఇంకొకరికి రావలసిన అవసరం కలగలేదు. అక్క పేపరును నడిమికి మడిచి ఒక సగం మీదే గీసేది. మడత విప్పకుండా చెల్లెలు రెండు పొరలూ కలిపి పొడిచేది. విప్పి చూస్తే రెండో సగం వచ్చి ఉండేది. చెల్లెలికి పెళ్ళి మాటలు నడిచిన ఒకటి రెండేళ్ళు కొట్టులో ఊపిరాడనంత పని ఉండేది, తరవాత ఆ మాటలు ఎవరూ ఎత్తలేదు.

అక్క పోయి మూడేళ్ళు. అప్పటినుంచి కొట్టులోకి కొత్త బొమ్మ రాలేదు. గోడ పొడుగునా కట్టిన తాడు మీద క్లిప్పులకు వేలాడే పాత పేపర్లతోనే పని నడుస్తోంది. పొడి రుద్దినకొద్దీ బెజ్జాలు పెద్దవవుతాయి. చుక్క చుక్కలా పడకుండా మరకలా పడుతుంది. మిగతా బొమ్మలు పోతే పోయాయి అనుకోగలదు. తీగ విషయంలో అలా అనుకోలేకపోయింది. టేబుల్ క్లాత్ అంచుకు వేసే తీగ అది. నడుమ ఒక పువ్వు, దానికి అటూ ఇటూ సాగే కాడ, వంపు వంపుకూ ఒక ఆకు. నాలుగో వంపు దగ్గర మాత్రం కాడ ఎందుకో కాస్త ఆగి, మళ్ళీ ముందుకు పోయినట్టుంటుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు అక్క గీసింది. కొట్టు మొదలైంది ఆ తీగతోనే. ఇప్పుడు ఆ పేపరును గుడ్డ మీద పరచాలంటే ఆమెకు భయం. ఇంకో రెండుసార్లు రుద్దితే చిరిగిపోయేట్టుంది.

కోర్సు సంగతి చెప్పింది బావ. అక్క భర్త. కొట్టు పక్క గదిలోనే అతని బల్ల, గడియారాలు బాగుచేస్తాడు. మేడ మీద ఒక వాటాలో అతను, ఇంకో వాటాలో ఆమె. లైబ్రరీలో పనిచేసే ఒకాయన వాచీకి బ్యాటరీ వేయించుకుని, పోతూ పోతూ బల్ల మీద ఒక కాగితం పెట్టిపోయాడు. కోడ్‌తో బొమ్మలు గీయండి, ఐదు రోజుల క్రియేటివ్ కోడింగ్, ఏమీ రానివాళ్ళకు.

"ఏమే మరదలా, కంప్యూటరు చేత బొమ్మలు గీయిస్తారట. నీకెలాగూ గీత రాదు. దానికైనా నేర్పు పో."

"నువ్వెప్పుడైనా టైముకి లేచావా బావా? గడియారాలు బాగుచెయ్యట్లేదూ?"

అతను నవ్వి కాగితం ఆమె వైపు జరిపాడు. ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. ఏమీ రానివాళ్ళకు అన్నచోట వేలు పెట్టి ఆగింది.

మొదటి రోజు టీచరు బోర్డు మీద ఒక చతురస్రం గీసింది. "ఇది మన కాగితం. పైన ఎడమ మూల సున్నా. కుడికి పోతే ఒక అంకె పెరుగుతుంది. కిందికి వస్తే ఇంకో అంకె పెరుగుతుంది."

"కిందికొస్తే తగ్గాలి కదమ్మా?" అన్నాడు చుక్కలమ్మ పక్క కుర్చీలో ఉన్నాయన. బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. "మా స్కూల్లో చెప్పినదంతా తలకిందులు చేశారే!"

ఆమెకు మాత్రం ఇబ్బంది కలగలేదు. గుడ్డను ఎప్పుడూ పై అంచు నుంచే కొలుస్తారు. కిందికి వస్తే అంకె పెరగకపోతేనే ఆమె తికమకపడేది.

మధ్యాహ్నం అందరినీ ఒక ఆకు గీయమన్నారు. గీయడమంటే, ఏ చుక్క నుంచి ఏ చుక్కకు గీత పోవాలో వరసగా రాయడం. కండక్టరు ఆకు బంగాళాదుంపలా వచ్చింది. నర్సు ఒకావిడ ఆకు స్క్రీను దాటి బయటికి పోయింది. చుక్కలమ్మ పన్నెండు చుక్కలు రాసి, మీట నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆపేశారేం?" అంది టీచరు.

"అయిపోయిందండీ."

"సగమే ఉంది కదా!"

నిజంగా సగమే ఉంది. నడిమి ఈనె దగ్గర నిలువునా కోసినట్టు.

"సగమే గీస్తామండీ. మిగతాది మడతలో వస్తుంది."

"ఏదీ, ఆ స్క్రీను మడవండమ్మా, మేమూ చూస్తాం!" అన్నాడు కండక్టరు. గదంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది, చెవులు వేడెక్కాయి. టీచరు నవ్వు ముందుగా ఆగింది. తన కుర్చీని చుక్కలమ్మ పక్కకు జరుపుకుని, "మడత కూడా మనమే రాయాలి," అని రెండు వరసలు రాయించింది. ఎడమవైపు అంకెలన్నిటినీ నడిమి గీతకు అవతలికి తిప్పమని. మీట నొక్కగానే రెండో సగం వచ్చేసింది.

"మళ్ళీ చేస్తా ఉండండి," అంది చుక్కలమ్మ. ఆ రెండు వరసలూ చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ నొక్కింది. అలా మూడుసార్లు.

రెండో రోజు అలలు చెప్పారు. ఒక్క వరసతో కాడ మెలికలు తిరుగుతూ స్క్రీను ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. అన్ని వంపులూ ఒకే కొలత.

"ఎలా ఉంది?" అంది టీచరు.

"డ్రిల్లు చేస్తున్నట్టుందండీ."

టీచరు ఇంకో మాట చేర్పించింది. ఈసారి ప్రతి చుక్కా యాదృచ్ఛికంగా పక్కకు తొలిగింది. "ఇప్పుడు?"

"చలిజ్వరం వచ్చింది దీనికి."

ఆ అమ్మాయి పట్టు వదల్లేదు. తొలిగే చుక్క పక్క చుక్కను చూసుకుని మెల్లగా తొలిగేలా ఇంకో పద్ధతి చూపించింది. కాడ మెత్తగా, ఏ రెండు వంపులూ ఒకేలా లేకుండా సాగింది. చుక్కలమ్మ చాలాసేపు చూసింది.

"దగ్గరికొచ్చింది. కానీ ఎక్కడికి పోవాలో దీనికి తెలీదు."

టీచరు ఆ మాట తన నోట్‌బుక్కులో రాసుకుంది. తరవాత అడిగింది. "మీకు అలాంటి తీగ కావాలా, ఆ తీగే కావాలా?"

"ఆ తీగే."

"అయితే కోడ్ దాన్ని కనిపెట్టలేదండీ. మీరు కొలిచి చెప్పాలి."

ఆ సాయంత్రం కొట్టు తొందరగా కట్టేశారు. బావ బల్ల మీద గళ్ళ కాగితం పరిచి, దాని మీద తీగ పేపరును నాలుగు మూలలా వాచీ డబ్బాలు పెట్టి బిగించారు. బావ కంటికి భూతద్దం తగిలించుకుని ఒక్కో బెజ్జం ఏ గడిలో ఉందో చదువుతున్నాడు. ఆమె రాసుకుంటోంది.

"నూట నలభై రెండూ అర. కిందికి ముప్పై ఒకటి."

"అరా, పావా?"

"గడియారాలవాణ్ణి పట్టుకుని అరా పావా అంటావేమే? అరంటే అరే."

"చిన్నముల్లు చూస్తున్నావో పెద్దముల్లు చూస్తున్నావో నాకేం తెలుసు?"

ఎడమ సగంలో రెండు వందల పన్నెండు బెజ్జాలు తేలాయి. కుడి సగం కొలవలేదు. మడత రాయడం వచ్చు కదా.

మూడో రోజు ఆ అంకెలు ఎక్కించడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. తన పని ముగించుకున్న కండక్టరు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని అంకెలు చదివిపెట్టాడు. ఏ అంకె దగ్గరా తడబడలేదు, ఒక వరస కూడా దాటెయ్యలేదు. "రెండు వందల పన్నెండు. బండి ఫుల్లు. రైట్ రైట్!" అన్నాడు. ఆమె మీట నొక్కింది.

ముందు పువ్వు వచ్చింది. తరవాత కాడ, ఆకులు, నాలుగో వంపు దగ్గర ఆ చిన్న ఆగడం. మడత తిరిగి కుడి సగం కూడా వచ్చింది. నర్సు లేచి వచ్చి చూసి, "ఎంత బాగుందండీ!" అంది. చుక్కలమ్మ స్క్రీను మీద వేలు పెట్టి కాడ వెంట పోనిచ్చింది. ఇక ఎన్నిసార్లు రుద్దినా అరగదు. చిరగదు. నీలం తగలదు. ఆమె అంతకు మించి ఏమీ అనుకోలేదు.

అసలు కొలతలోనే అచ్చు తీయించి ఇంటికి పట్టుకొచ్చింది. పాత పేపరును దాని మీద పరిచింది. ఎడమ సగంలో చుక్క మీద బెజ్జం కూర్చుంది. కుడి సగం కూర్చోలేదు.

నాలుగో రోజు పాత పేపరు పట్టుకుని అందరికంటే ముందు వచ్చింది.

"మీ మడతలో ఏదో తప్పుందండీ," అంది టీచరుతో.

టీచరు ఆ రెండు వరసలూ చూసింది. తప్పు లేదు. అనుమానం తీరడానికి ఇద్దరూ కూర్చుని కుడి సగం కూడా కొలిచి ఎక్కించారు. టీచరు కుడి సగాన్ని తిప్పి ఎడమ సగం మీద పడేలా రాసింది. ఎడమది ఎరుపు, కుడిది నీలం. పువ్వు దగ్గర రెండు రంగులూ కలిసే ఉన్నాయి. మొదటి వంపులోనూ దాదాపు కలిసే ఉన్నాయి. రెండో వంపు నుంచి విడిపోవడం మొదలైంది. నాలుగో వంపు దగ్గర ఆకు ఎరుపులో బయటికి వాలి ఉంది, నీలంలో లోపలికి.

"చేత్తో చేసిన పని కదండీ," అంది టీచరు. "కొంచెం తేడా ఉంటుంది."

"ఉండదండీ. మడిచి పొడిస్తే ఒకే సూది రెండు పొరల్లోంచీ దిగుతుంది. తేడా రావడానికి వీల్లేదు."

ఆ మాట అంటుండగానే ఆమెకు స్కూలు కర్టెన్లు గుర్తొచ్చాయి.

అది ఇరవై ఏళ్ళ కిందటి సంగతి. అత్తగారికి జబ్బు చేస్తే అక్క రెండు నెలలు ఆవిడ ఊళ్ళోనే ఉండిపోయింది. ఆ రోజుల్లోనే ఒక స్కూలు వాళ్ళు హాలు కర్టెన్లన్నిటికీ తీగ కావాలన్నారు. పేపరు తీసి చూస్తే మడత దగ్గర చిరిగి రెండు ముక్కలై ఉంది. చుక్కలమ్మ కొత్త పేపరు మీద ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పరిచి, పాత బెజ్జాల్లోంచి సూది దించుతూ కొత్తది పొడిచింది. ఒక సగం పొద్దున, ఒక సగం సాయంత్రం. పాత బెజ్జాలు అప్పటికే వెడల్పయ్యాయి, సూది వాటిలో ఎటైనా వాలవచ్చు. బాగా నలిగిన చోట అందాజుగా పొడిచింది. పాత ముక్కల్లో నీలం దూది చుట్టి పారేసింది. అక్క తిరిగొచ్చాక ఆ కొత్త పేపరును కిటికీకి అడ్డంగా పట్టుకుని చూసింది. మళ్ళీ తాడుకు తగిలించింది. ఏమీ అనలేదు. పని నచ్చిందనుకుంది చెల్లెలు.

"ఇది నేను పొడిచిందండీ," అంది చుక్కలమ్మ. "అక్కది నేనే పారేశాను."

టీచరుకు ముక్కలు ముక్కలుగా అంతా చెప్పింది. ఆ అమ్మాయి ఓదార్పు మాటలు మాట్లాడలేదు. స్క్రీను మీది రెండు రంగులూ వేలితో చూపిస్తూ అంది. "రెండు సగాలూ విడిగా పొడిచారు కదా. రెండుసార్లూ సూది ఒకే చోట దిగితే, అక్కడ పాత బెజ్జం ఉన్నట్టే. దిగని చోట ఏది నిజమో చెప్పలేం. కావాలంటే రెండింటికీ సరిగ్గా మధ్యలో చుక్క పెట్టమందాం. తీగ పూర్తిగా వస్తుంది."

"మధ్యలోది ఎవరిదవుతుంది?"

టీచరు ఆ మాట కూడా నోట్‌బుక్కులో రాసుకుంది.

ఐదో రోజు పొద్దున మధ్యచుక్కల తీగ తయారైంది. చక్కగా ఉంది. రెండు పూటల చేతి వణుకులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నట్టు కాడ నున్నగా సాగింది. నర్సు తన టేబుల్ క్లాత్ మీద అదే దించి ఇమ్మని అప్పటికప్పుడే చెప్పేసింది. చుక్కలమ్మ సరేనంది. తరవాత టీచరును ఇంకొకటి అడిగింది. రెండు సగాలూ కలిసిన చోట మాత్రమే చుక్క పెట్టమని, మిగతాచోట ఏమీ వద్దని.

ఎంత దగ్గరగా ఉంటే కలిసినట్టో చెప్పాలి అంది టీచరు. ఆమె బొటనవేలి గోరు చూపించి, దాని మందం అంది. ఆ మందాన్ని అంకెగా రాశారు. రెండు వందల పన్నెండులో డెబ్బై ఒకటి మిగిలాయి. పువ్వు దాదాపుగా ఉంది. తరవాత అక్కడక్కడా మూడేసి నాలుగేసి చుక్కలు. నాలుగో వంపులో కాడ ఆగే చోట రెండు. ఆకు లేదు.

"అయ్యో, చాలామంది మధ్యలోనే దిగిపోయారే," అన్నాడు కండక్టరు. ఆమె ముఖం చూసి తన కుర్చీ వైపు పోయాడు.

మధ్యాహ్నం అందరి బొమ్మలూ చూపించే కార్యక్రమం. ఇంట్లోవాళ్ళను పిలవమన్నారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కండక్టరు బొమ్మలో రంగురంగుల బస్సులు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా తిరుగుతుంటే చప్పట్లు కొట్టాడు. చుక్కలమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె ముందు మధ్యచుక్కల తీగనే పెట్టింది.

"అదే!" అన్నాడు బావ, స్క్రీను దగ్గరికి రాకముందే. "అచ్చం మీ అక్క చెయ్యే."

ముప్పై ఏళ్ళు ఆ చెయ్యి వడ్డించిందే తిన్న మనిషి. గుర్తుపట్టలేదని అతన్ని తప్పుపట్టడానికి లేదు. కొట్టులో ఇరవై ఏళ్ళు ఆ పేపరును రోజూ చూస్తూ తనూ గుర్తుపట్టలేదు. అతనికి చెప్పకుండా ఊరుకోవచ్చు. ఊరుకుంటే తీగ దొరికినట్టే. ఇంటికి పోయి గోడకు తగిలించుకోవచ్చు.

ఆమె ఇంకో మీట నొక్కింది. చుక్కలు ఒక్కొక్కటే పోయాయి.

"ఇదేంటే, చిమ్మటలు కొట్టేసినట్టుంది?"

"ఇది అక్కది."

"మరి ఇందాకటిది?"

"అది ఎవరిదీ కాదు బావా. బాగుంటుంది. టేబుల్ క్లాత్‌లకు అదే వేస్తాను."

కర్టెన్ల సంగతి అప్పుడు చెప్పింది. బావ జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుని స్క్రీనుకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగాడు. వెనక ఎవరో నవ్వారు. అతను పట్టించుకోలేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా చూసుకుంటూ పోయాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"బావా, అక్క నీతో ఏమైనా అందా, ఆ పేపరు గురించి?" అని ఆమె అడిగింది.

"నాతో కొట్టు మాటలు ఎప్పుడు మాట్లాడింది? అవన్నీ నీతోనేగా."

పోయే ముందు టీచరు రెండు తీగలనూ అచ్చు తీసిచ్చింది. చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. వచ్చే నెల ఇంకో కోర్సు ఉందని, వస్తే బాగుంటుందని చెప్పింది. చుక్కలమ్మ ఆ అమ్మాయి చేతులు పట్టుకుని, "చూస్తానమ్మా," అంది. ఐదు రోజుల్లో అమ్మా అని పిలవడం అదే మొదటిసారి.

వీధిలోకి వచ్చాక బావ డెబ్బై ఒక్క చుక్కల కాగితం అడిగి తీసుకున్నాడు. సైకిళ్ళ కొట్టు దగ్గర ఆగి, రబ్బరు బ్యాండు తీసి విప్పాడు. వెనకనుంచి వచ్చేవాళ్ళు వాళ్ళ పక్కనుంచి తప్పుకుపోతున్నారు.

"ఇక్కడ, ఈ రెండు చుక్కల పక్కన ఏముండేది?"

"ఆకు."

"ఎటు వాలి?"

"అదే తెలీదు. ఒక పక్క బయటికి పొడిచాను, ఒక పక్క లోపలికి."

"బయటికే ఉంటుంది. ఆకు బయటికే కదా వాలుతుంది."

"అక్క అలా గీసేది కాదు. లోపలికేనేమో."

"ఏమోనా? గీసేటప్పుడు పక్కనే కూచునేదానివి కదే. ముందు అది గీసేది, తరవాతేగా నువ్వు పొడిచేది. ఒక్కసారి గుర్తు తెచ్చుకో."

చుక్కలమ్మ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. అక్క మోచెయ్యి, పెన్సిలు చప్పుడు, మడిచిన పేపరు తన వైపు జరగడం, అన్నీ వచ్చాయి.

"నేను సూది మొన చూసుకుంటూ ఉండేదాన్ని బావా," అంది.